రెండు జీపులు, ఎడమ సీటు

నవంబరు 2

నువ్వు పిరికిదానివి. అవును, నిన్నే. ఈ తెల్లకాగితాన్నే అంటున్నాను. ఇన్నేళ్లుగా నీ ముందు కూర్చుని ప్రభుత్వాలను తిట్టాను, పత్రికలను తిట్టాను, సొంత స్నేహితులను తిట్టాను. ఒక్కసారైనా "ఆగు సూర్యం, ఇక్కడ నువ్వు తప్పు" అన్నావా? ఊకొట్టడం తప్ప నీకేం వచ్చు. నీలాంటి శ్రోతలే నాలాంటివాళ్లను పాడుచేసేది.

సరే. విషయం ఇది.

నా సహచరి ఎస్తేరు బడి ఉద్యోగం మానేసింది. ఇంకా సర్వీసు ఉండగానే, తనంతట తనే. ఫిజిక్స్ పాఠాలు ఇక చాలట. పొద్దున్న టీ తాగుతూ రెండు రంగుల పుస్తకాలు బల్ల మీద పెట్టింది. రెండు షోరూములవి. రెండు అట్టల మీదా బురద చిమ్ముకుంటూ కొండెక్కుతున్న జీపే.

వీటిలో ఒకటి కొంటుందట. కొండలన్నీ తిరుగుతుందట. అరకు దాటి, ఒడిశాలో జైపూరు దాటి, రోడ్డు ఎక్కడ అయిపోతే అక్కడి నుంచి కూడా.

డబ్బు ఆమెది. తోలేది ఆమె. నాకు స్కూటరు తప్ప ఏదీ రాదు.

పెద్దది: డీజిలు, అయిదు తలుపులు, ఎత్తు, వెడల్పు, వెనక ముగ్గురు కాళ్లు చాపుకుని కూర్చోవచ్చు. చిన్నది: పెట్రోలు, తేలిక, ఇరుకు. ఇద్దరికైతే బాగుంటుంది, నలుగురెక్కితే వెనకాలవాళ్ల మోకాళ్లు గడ్డానికి తగులుతాయి. రెండింటికీ నాలుగు చక్రాలూ లాగుతాయి. రెండింటికీ గేరు రాడ్డు పక్కన ఇంకో పొట్టి రాడ్డు ఉంది. అది వేస్తే నడక నత్తది, బలం ఏనుగుదట.

తనకి ఏది ఇష్టమో ఎస్తేరు చెప్పలేదు. నేను అడిగానా... లేదు.

నవంబరు 3

పెద్దదే. ఇందులో వాదన ఏముంది.

నవంబరు 5

మధురవాడ. పెద్దదాన్ని చూడటానికి. గాజు గోడలు, కాఫీ యంత్రం, పళ్లు కొట్టుకునేంత ఏసీ. మేనేజరు నా వయసువాడే, టై కట్టాడు. ఎస్తేరు తన లైసెన్సు తీసి బల్ల మీద పెట్టింది. అతను లైసెన్సు చూశాడు, ఆమెను చూశాడు, తాళం తెచ్చి నా చేతిలో పెట్టాడు. "సార్ ఓసారి తోలి చూడండి. మేడమ్‌గారు వెనకాల హాయిగా కూర్చుంటారు."

మండింది. మండకుండా ఎలా ఉంటుంది? ఆడమనిషికి తాళం ఇవ్వాలంటే మగవాడి చెయ్యి ఎందుకు దారి మళ్లుతుందో అడిగాను. ఇంటి తాళం, బీరువా తాళం, ఇప్పుడు బండి తాళం... ఆస్తికీ కదలికకీ ఉన్న సంబంధం వివరించాను. మీ గోడల మీద ఇన్ని బొమ్మలున్నాయి, స్టీరింగు దగ్గర ఒక్క స్త్రీ అయినా ఉందా అని ఒక్కో బొమ్మనీ వేలు పెట్టి చూపించాను. అతను చేతులు కట్టుకుని విన్నాడు. మధ్యలో నాకు కాఫీ తెప్పించాడు.

ముగించి ఇటు తిరిగితే ఎస్తేరు లేదు. తాళం నా చేతిలోంచి ఎప్పుడు తీసుకుందో తెలియదు. బయటికొచ్చి ఎండలో నిలబడ్డాను. కాసేపటికి హైవే మీంచి పెద్దది వచ్చి నా ముందు ఆగింది. జుట్టు చెదిరి, మొహం వెలుగుతూ దిగింది.

ఎలా ఉందన్నాను.

"బాగుంది. స్టీరింగు కొంచెం బరువు. నీ ఉపన్యాసం అయిందా?"

ఆమె కోసమే కదా మాట్లాడాను. ఆమె వినాల్సింది.

నవంబరు 6

భోజనాల దగ్గర ఎస్తేరు రెండు గరిటెలు, ఒక రబ్బరు బ్యాండు పెట్టుకుని చెప్పింది. మామూలు బండిలో ఒక చక్రం గాల్లోకి లేచిందనుకో, ఇంజను తిప్పుడంతా ఆ ఖాళీ చక్రానికే పోతుంది. నేలను పట్టుకుని నిలబడ్డ చక్రం కదలదు. బండి అక్కడే ఉంటుంది. అందుకే కొండ బండ్లకి, రెండు చక్రాలనీ కలిపి తిప్పే లాకు అడగాలి.

చెయ్యి కడుక్కోకుండానే లేచాను. ఇది యంత్రశాస్త్రమా? ఇది మన దేశం! బరువు మోసే చక్రానికి సున్నా, గాల్లో ఊరికే తిరిగేదానికి సర్వస్వం...

"సూర్యం, అది పళ్ల చక్రాల అమరిక. దాన్ని దానిలా ఉండనీ."

ఉండనివ్వలేకపోయాను. రెండు పేజీలు వచ్చాయి. చదివి వినిపించడానికి వెళితే వంటింట్లో గిన్నెల చప్పుడు. ఈ వారం గిన్నెలు నా వంతు. తోముతున్నది ఆమె.

నవంబరు 8

శామ్యూల్ వచ్చాడు. ఎస్తేరు తమ్ముడు. వారమంతా కంప్యూటరు ముందు ఉద్యోగం, శని ఆదివారాలు కొండల్లో జీపులు తోలే క్లబ్బు. సరిగ్గా ఆ జాతి క్లబ్బుల్నే పోయిన చలికాలం మా మాసపత్రికలో ఏకిపారేశాను. ఊళ్లవాళ్లు మంచినీళ్లు తోడుకునే వాగులో చక్రాలు దింపి, బురద లేపి, అది వీడియో తీసుకుని గర్వపడే జనం. వ్యాసం పేరు 'కొండ మీద కొవ్వు'.

గుమ్మంలోనే మొదలుపెట్టాడు. "ఏటి బావ, మరి కొవ్వు నీకూ పట్టీసిందా?"

ప్రతి వాక్యానికీ ఇవాళ కూడా కట్టుబడి ఉన్నానని చెప్పాను. వాగును కెలికేవాడికీ, ఊరిని చూడటానికి వెళ్లేవాడికీ తేడా ఉందన్నాను.

"ఉంది మరి. ఆడు వీడియో పెడతాడు, నువ్వు వ్యాసం పెడతావు."

ఎస్తేరు పగలబడి నవ్వింది. అంత నవ్వేముందో అందులో.

తర్వాత మామూలుగా, ఏదో వాతావరణం గురించి చెప్పినట్టు అన్నాడు: ఆ వ్యాసం క్లబ్బులో అందరికీ చదివి వినిపించాడట. గొడవలయ్యాయట. చివరికి వాగు దాటే చోటు కిందికి, జనం నీళ్లు పట్టుకోని వైపుకి మార్చారట. నెలలైంది. ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదని అడిగాను.

"నువ్వు చెప్పనిచ్చావేటి బావ."

బండి సంగతికొస్తే అతను చిన్నదాని పక్షం. కొండ దారిలో బరువే శత్రువంటాడు. దిగబడితే చిన్నదాన్ని నలుగురు మనుషులు తోసీగలరు, పెద్దదాన్ని తియ్యాలంటే ఇంకో పెద్దది రావాలంటాడు. నాలుగు మాటలన్నాను. రెండోదానికే ఫోను చూసుకోవడం మొదలుపెట్టాడు.

నవంబరు 9

అప్పలనాయుడు ఫోను. పోర్టు కూలీల నాయకుడు, నా పాత జతగాడు. "ఏటి కామ్రేడ్, జీపు కొంతన్నావంట." ఊళ్లో వార్తలకి కాళ్లు లేవు, చక్రాలున్నాయి.

జనవరిలో కొండ ఊళ్ల యాత్ర పెట్టుకున్నాం. బస్సు కింది ఊరి దాకానే. పైన ఊళ్లలో మనిషికి జబ్బు చేస్తే ఇప్పటికీ డోలీ కట్టి మొయ్యాలి. అక్కడికి రోడ్డు వెయ్యాలని యాత్ర. పెద్దదైతే మైకు సెట్టూ, జెండాలూ, కరపత్రాలూ, మన అయిదుగురమూ పట్టీస్తామన్నాడు నాయుడు. అద్దె బండి వెతుక్కునే బాధ ఉండదన్నాడు.

ఇదీ. ఇదీ ఒక బండికి ఉండాల్సిన పని. సరదా కాదు, షికారు కాదు. నా ఇంటి ముందు అంత పెద్ద ఇనుప దున్న నిలబడటానికి ఒక న్యాయం దొరికింది. మనసు తేలికైంది. "జనవరికి బండి రెడీగా ఉంటుంది నాయుడూ, పూచీ నాది" అన్నాను.

నా గొంతు వీధి చివరికి వినిపిస్తుంది. ఎస్తేరు వరండాలో కుండీలకి నీళ్లు పోస్తోంది. తల తిప్పలేదు. ఒకే కుండీకి పోస్తూ ఉండిపోయింది, నీళ్లు పొర్లి మెట్ల మీదికి వస్తున్నా.

నవంబరు 10

సాయంత్రం బీచి రోడ్డు. అక్కడ వరసగా ఆగిన జీపులు చూశాను. మట్టి తెలియని చక్రాలు. పైకప్పు మీద గొడ్డలి, పార, నీళ్ల డబ్బా బిగించుకుని ఐస్‌క్రీము తింటున్నారు. ఏ అడవిని జయించారు వీళ్లు? తారు రోడ్డు మీద, సముద్రానికి అడ్డంగా...

ఎస్తేరు అంది, వాళ్లకీ ఆదివారం ఒక్కటే సెలవై ఉంటుందని. ఇవాళ సోమవారం అన్నాను. "అయితే సెలవు పెట్టి వచ్చి ఉంటారు" అంది. ఆమెతో ఇదీ చిక్కు. ఎవరినీ తిట్టనివ్వదు.

నవంబరు 12

పెద్దదాన్ని మళ్లీ అడిగి తీసుకున్నాం. వన్ టౌన్‌లో అత్తయ్యగారింటిదాకా తోలి చూద్దామని. ఆలోచన నాది. సందు ఇరుకని ఎస్తేరు రెండుసార్లు చెప్పింది. కొండలెక్కే బండికి సందొక లెక్కా అన్నాను. మేనేజరు బుద్ధిగా వెనక సీట్లో కూర్చున్నాడు.

టోకు ఉల్లిపాయల కొట్టు ముందు లారీ దించుతున్నారు. అటు పక్క గోడ. మధ్యలో మేం. అద్దాలు మడిచినా ముందుకు జరగదు, వెనక అప్పటికే ఆటోల వరస. లారీవాడిదీ తప్పు కాదు, ఆటోలదీ కాదు. తిట్టడానికి ఎవరూ దొరకని సందర్భం కంటే నరకం లేదు.

ఆటోలోంచి ఒకతను తల బయటపెట్టాడు. "బాబూ, కొండకెల్లాల్సిన బండిని సందులోకి తెచ్చీసారేటి. దారి తప్పీసారా?"

బస్తా భుజాన ఉన్నాయన ఆగి మరీ ఓదార్చాడు. "కంగారు పడకండి. మజ్జానానికి మా లారీ ఎల్పోద్ది."

ఈలోగా అత్తయ్య మెట్లు దిగి వచ్చింది. బండి కొనేశామనుకుంది. బానెట్ మీద చెయ్యి పెట్టి కళ్లు మూసుకుంది. ప్రార్థన చెయ్యకుండా వాళ్లింట్లో కొత్త సైకిలు కూడా ఎవరూ ఎక్కరు. ప్రయాణాల కోసం, చక్రాల కోసం, కూతురి చేతుల కోసం, దారిలో ఎదురయ్యే వాళ్ల కోసం... హారన్లు మోగుతున్నాయి. హారన్లు కొట్టేవాళ్ల ఓర్పు కోసం కూడా ప్రార్థించింది. ఆటోల వైపు నుంచి ఎవరో ఆమెన్ అన్నారు. వెనక సీట్లోంచి మేనేజరు కూడా అన్నాడు.

ఇది అందరికీ చూపించే బండి అత్తయ్యా, రేపు ఇంకెవరో తోలతారు అని చెప్పబోయాను. ఎస్తేరు మోచేత్తో పొడిచింది. నేను నాస్తికుణ్ణి, తల వంచలేదు. కొంచెం వంగాను, అద్దం మడవడానికి.

ఆ తర్వాత ఎస్తేరు బండిని రివర్సులో తీసింది. ఆటోలు ఒక్కొక్కటే జరుగుతుంటే, గోడకి వేలెడు దూరంలో, ఎక్కడా గీత పడకుండా. నేను దిగి వెనక నడుస్తూ కుడి, కుడి, ఇంకా కుడి అని అరుస్తూనే ఉన్నాను. మెయిన్ రోడ్డు మీదికి వచ్చాక తెలిసింది, నా గొంతు వినపడకుండా అద్దాలు ఎక్కించుకుందని.

నవంబరు 13

పెద్దదే అంటున్నాను ఇంకా. సందుల కోసం ఎవరూ జీపు కొనరు కదా. అయినా నా గొంతు నాకే కొంచెం తగ్గినట్టుంది.

నవంబరు 16

ఆనందపురం దాటాక పాత క్వారీ. రాయి అయిపోయాక వదిలేసిన గొయ్యి. శామ్యూల్ క్లబ్బు అక్కడ సాధన చేస్తుంది. స్నేహితుణ్ణి అడిగి చిన్నదాన్ని తెచ్చాడు. మా నాన్న దున్నిన పొలం ఇక్కడికి పిలిస్తే పలికేంత దూరం. ఈ ఎర్రమట్టి వాన పడితే ఎలా జారుతుందో నా కాళ్లకే తెలుసు.

ఎస్తేరు స్టీరింగు దగ్గర. నేను ఎడమ సీట్లో. ముందు మట్టి గోడలా నిలబడింది, పైన ఆకాశం తప్ప ఏమీ కనిపించడం లేదు. పొట్టి రాడ్డు వేసింది. బండి పళ్లు బిగించినట్టు మూలుగుతూ ఎక్కడం మొదలుపెట్టింది.

నేను మాట్లాడుతున్నాను. ఈ కొండ ఎవరిది, ఎవరు తవ్వుకుపోయారు, పక్క చేలల్లో ఎంత దుమ్ము పడేది... మధ్య మధ్యలో బ్రేకు మీద కాలుంచమని, ఎడమ పక్క రాయి ఉందని. సగంలో చక్రాలు గిర్రున తిరిగాయి. బండి ఆగింది. ఆమె కంగారు పడలేదు. మెల్లగా కిందికి దించి, హ్యాండు బ్రేకు లాగింది.

"సూర్యం, దిగు."

బరువు ఎక్కువైందా అన్నాను.

"మాట ఎక్కువైంది. ఇంజను వినబడట్లేదు."

దిగాను. ఈసారి ఎక్కడా ఆగకుండా ఎక్కేసింది. అంచు మీద ఒక్క క్షణం ముందు చక్రాలు గాల్లో కనిపించాయి. తర్వాత అవతలికి పోయింది. చప్పుడు తగ్గింది, ఇంకా తగ్గింది, పోయింది.

శామ్యూల్ అంచు వైపే చూస్తూ నిలబడ్డాడు. "అక్క ఎటెల్పోనాది? అటేపు దారి లేదు బావ. బీడు, ఆ ఎనక కొండ." ఫోను చేశాడు. ఫోను ఇక్కడే, నీళ్ల సీసా పక్కన మోగింది.

నేనేం మాట్లాడలేదు. అది ఇప్పుడు రాస్తుంటే గుర్తొచ్చింది. అంతసేపూ ఏమీ మాట్లాడలేదు.

చాలాసేపటికి వచ్చింది. దిగి, నీళ్లు తాగింది. ఏం చేశావు అక్కడ అని అడిగాను.

"ఇంజను ఆపి కూర్చున్నాను."

అంతే. ఆ మొహం ఎప్పుడూ చూడలేదని అనను. చూశాను. ఎప్పుడో, ఎక్కడో... అందడం లేదు.

తిరుగుదారిలో ఏది కావాలని అడిగాను. మొదటిసారి. చిన్నదే అంది. ఎందుకో చెప్పలేదు.

నవంబరు 17

అయితే ఇంటి పద్ధతి ప్రకారం తేల్చుకోవాల్సిందే.

మాది దండల పెళ్లి. పురోహితుడు లేడు, పాస్టరు లేడు, మైకు మాత్రం ఉంది. పెళ్లి జరిపించిన పెద్దాయన మా ఇద్దరితో ఒకే ఒక్క ప్రమాణం చేయించాడు: ఇద్దరికీ మాట పడనప్పుడు, ఎవరి పక్షం వాళ్లు వాదించుకోకూడదు. ఎదుటివాళ్ల పక్షం వాదించాలి. వాళ్లు "అవును, నా మాట ఇదే" అని ఒప్పుకోవాలి. ఆ తర్వాతే ఓటు. దీనికి మేం పెట్టుకున్న పేరు ఎదురు వాదన. ఈ ఇల్లు అలాగే తీసుకున్నాం. కుక్క వద్దని అలాగే తేలింది. ఎన్నికల్లో ఎవరికి ఓటెయ్యాలో కూడా.

కుక్క కావాలన్నది ఎస్తేరు. ఇల్లు బీచి వైపు కావాలన్నదీ ఎస్తేరే...

ఆదివారం పెట్టుకున్నాం. అధ్యక్షుడు శామ్యూల్. పెద్దదాని తరఫున ఎస్తేరు వాదించాలి, చిన్నదాని తరఫున నేను.

నవంబరు 20

చిన్నదాని పక్షం రాసుకుంటున్నాను. బరువు తక్కువ కాబట్టి మెత్తటి నేలలో దిగబడదు. దిగబడినా దారినపోయేవాళ్లు తోసి గట్టెక్కించగలరు, అంటే మనుషుల మీద నమ్మకంతో తిరిగే బండి. సందులో పడుతుంది. ముందు సీట్లు వెనక్కి వాలిస్తే వెనక సీట్లతో కలిసి పడక అవుతుంది, హోటలు వెతుక్కోనక్కర్లేదు. ఊళ్లోకి వెళితే పిల్లలు భయపడి పక్కకి తప్పుకోరు, ఎక్కడానికి వస్తారు.

ప్రత్యర్థి పక్షం ఇంత బలంగా ఉందేమిటి. కలం ఆగడం లేదు.

నవంబరు 23

జరిగింది జరిగినట్టు రాస్తాను. తర్వాత తగాదా పడదాం, నువ్వూ నేనూ.

ముందు నేను. నిలబడే మాట్లాడాను. బాగా మాట్లాడాను, దాచుకోవడం ఎందుకు. శామ్యూల్ మధ్యలో రెండుసార్లు బల్ల చరిచాడు. చివర్లో, పెద్ద బండి దారిని లొంగదీసుకుంటుంది, చిన్న బండి దారిని అడుగుతుంది అన్నాను. అది అక్కడికక్కడ వచ్చిన వాక్యం. చెబుతుంటే నాకే ఒళ్లు జలదరించింది.

శామ్యూల్ పద్ధతి ప్రకారం అడిగాడు. "అక్కా, నీ మాట ఇదేనా?"

ఎస్తేరు తల అడ్డంగా ఊపింది. "చిన్నదే అనడానికి నాకున్నవి రెండు ముక్కలు. ఇందులో అవి లేవు. ఉన్నవన్నీ బాగున్నాయి, గానీ నావి కావు."

ఆ రెండూ ఏమిటన్నాను. చెప్పనంది.

తర్వాత ఆమె వంతు. పెద్దదాని పక్షం. లేవలేదు, కూర్చునే అంది. "పెద్దదే కొనాలి. ఎందుకంటే సూర్యం అప్పుడే అప్పలనాయుడికి మాటిచ్చీసాడు. జనవరికి."

అయిపోయింది. అంతే వాదన.

"బావ... నీ మాట ఇదేనా?" శామ్యూల్ నా వైపు చూడకుండా అడిగాడు.

ఎన్ని కారణాలు రాసుకున్నాను పెద్దదానికి. ఎత్తు, బలం, సీట్లు, ప్రజల అవసరం. వాటి కింద ఉన్నది ఇదొక్కటే. "అవును" అన్నాను.

ఓటు. నేను చిన్నదానికి చెయ్యెత్తాను. నా మాటలకి నేనే లొంగిపోయాను, ఏం చెయ్యను. ఎస్తేరు సంతోషిస్తుందనుకున్నాను. ఆమె చేతులు ఒళ్లోనే ఉన్నాయి.

"నువ్వూ ఎత్తక్కా, అయిపోద్ది" అన్నాడు శామ్యూల్.

"నేనెందుకు ఎత్తడం. నా బండిని కూడా ఆయనే గెలిపించీసాడు గదా."

లేచి వెళ్లిపోయింది. కోపంగా కాదు. పీరియడు అయిపోయాక టీచరు వెళ్లినట్టు.

నవంబరు 24

నాకు కోపంగా ఉంది. ఎవరి మీదో తేల్చుకోవాలి.

ఆమె కోరినదానికే ఓటేశాను. నా పక్షం నేనే ఓడించాను. చరిత్రలో ఏ మొగుడు చేశాడు ఈ పని? అయినా దోషిని నేనే. ఇదెక్కడి న్యాయం... చెప్పు. చెప్పవు. నీకు చేతకాదు.

కూలీల తరఫున రాశాను. కొండ జనం తరఫున, బడి పిల్లల తరఫున, షోరూములో ఎస్తేరు తరఫున. వాళ్లందరూ నన్ను రాయమని అడిగారా? కొందరు అడిగారు. ఎక్కువమంది అడగలేదు. అడగనివాళ్ల కోసం మాట్లాడకూడదని ఇప్పటికీ ఒప్పుకోను. నోరు నొక్కేసిన జనం ఉన్నారు, వాళ్ల కోసం ఎవరో ఒకరు అరవాలి, అరిచినందుకు నేను సిగ్గుపడను.

కానీ ఎస్తేరు నోరు ఎవరూ నొక్కలేదే. పాతికేళ్లు పిల్లలకి పాఠం చెప్పిన గొంతు అది. మరి ఈ ఇంట్లో ఆమె మాట రెండు ముక్కలకి ఎప్పుడు తగ్గింది?

ఎదురు వాదన సమానమైన పద్ధతి అనుకున్నాను. ఇద్దరికీ ఒకే నియమం కదా అని. ఇద్దరిలో ఒకడికి వాదనే వృత్తి అయినప్పుడు నియమం సమానమైతే చాలుతుందా... ఇదే ప్రశ్న వేరేవాళ్ల గురించి అయితే నాలుగు పేజీల్లో తేల్చేసేవాణ్ణి.

నవంబరు 25

వాన. మాట్లాడుకున్నాం. పాలు, కరెంటు, గొడుగు గురించి.

నవంబరు 26

అప్పలనాయుడికి ఫోను చేశాను. జనవరికి బండి లేదని, అది ఎస్తేరు బండి అని, ఆమెను అడగకుండా మాటిచ్చేశానని.

 తిడతాడనుకున్నాను.

"మీ ఇంట్ల తోలీది ఆయమ్మే గదా కామ్రేడ్. అడిగే ఉంతావనుకున్నాను నాను." తర్వాత, "ఫోను ఆయమ్మకియ్యి. నానే అడుగుతాను."

ఇవ్వడానికి నాకు ఎందుకంత సేపు పట్టిందో తెలియదు. ఇచ్చాను. ఎస్తేరు ఫోను తీసుకుని వరండాలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసింది. చాలాసేపు మాట్లాడారు. మధ్యలో నవ్వు వినబడింది. నాయుడు అంత నవ్వించగలడని నాకు తెలియదు.

ఫోను తిరిగి ఇచ్చింది. ఏమన్నాడని అడగబోయి ఆగాను.

నవంబరు 28

అడగలేదు. ఇవాళ కూడా.

ఆమె బల్ల మీద మ్యాపు పరుచుకుని పెన్సిలుతో ఏవో చుక్కలు పెడుతోంది. సముద్రం నుంచి దూరంగా, పడమరగా పోతున్న చుక్కలు. పక్కనే కూర్చుని బఠానీలు వలిచాను. ఆ చుక్కల్లో ఒక ఊళ్లో పదేళ్ల కిందట జరిగిన భూమి గొడవ గురించి నాకు పూర్తిగా తెలుసు. చెప్పలేదు. దవడ నొప్పి పుట్టింది.

"ఒంట్లో బాగుందా?" అంది.

నవంబరు 30

పొద్దున్న పెసరట్లు అయ్యాక, "కాగితం తీసుకో, రాయి" అంది.

అలవాటుగా కలం తీశాను. ఎన్ని సంఘాలకి డిమాండ్ల పత్రాలు రాసిపెట్టాను. అవతలి కుర్చీలో ఎప్పుడూ యాజమాన్యం ఉండేది, నీళ్ల గ్లాసు ముందు పెట్టుకుని, వాచీ చూసుకుంటూ. ఇవాళ నా ముందు నీళ్ల గ్లాసు ఉంది.

క్లాసులో తిరిగినట్టు అటూ ఇటూ నడుస్తూ తన షరతులు చెప్పింది. రెండోదాని దగ్గర నేనేదో అనబోయాను. "పూర్తిగా రాశాక చదువుకో" అంది. రాశాను. ఒక్క మాట మార్చలేదు, ఒక్క వాక్యం బాగుచెయ్యలేదు.

ఇప్పుడు చర్చిలో ఆరాధనకి వెళ్లింది. తిరిగొచ్చేసరికి జవాబు కావాలట. అన్నిటికీ కలిపి ఔను, లేదా కాదు. కాదంటే బండే కొనదట, బడికి వెళ్లి మళ్లీ చేర్చుకుంటారేమో అడుగుతుందట. ఆ మాట బెదిరింపులా అనలేదు. అందుకే భయం వేస్తోంది.

మూడోదాని దగ్గరే ఆగిపోతున్నాను. చదువుతాను, లేస్తాను, గేటు దాకా వెళ్లి వస్తాను. వాదించడానికి అందులో ఒక్క సందూ కనిపించడం లేదు. ఔను అనడానికి నోరూ రావడం లేదు.

ఉన్నది ఉన్నట్టు ఇక్కడ కూడా దించుకుంటున్నాను.

ఒకటి. ఏ బండి అనేది నేను చెబుతాను. చెప్పేదాకా ఇంట్లో ఆ ఊసు ఉండకూడదు.

రెండు. బండి నా పేరు మీద ఉంటుంది. తాళాలు రెండూ నా దగ్గరే ఉంటాయి.

మూడు. మొదటి ప్రయాణం నేనొక్కదాన్నే. ఎక్కడికి, ఎన్నాళ్లు అని అడగకూడదు. ఫోను నేను చేస్తాను.

నాలుగు. జనవరిలో కొండ ఊళ్లకి నా బండి వస్తుంది. ఆ మాట నాయుడికి నేనిచ్చాను. మైకు సెట్టు ఎక్కదు. దిగి వచ్చేటప్పుడు వెనక సీటు జబ్బు మనిషి కోసం ఖాళీగా ఉండాలి.

అయిదు. జనం నీళ్లు తోడుకునే చోట నేను వాగు దాటను. ఆ వ్యాసంలో నువ్వు రాసింది నిజం. నా అభిప్రాయం నువ్వు అడగలేదు కాబట్టి ఇప్పుడు చెబుతున్నాను.

ఆరు. బండి మీద గానీ నా మీద గానీ వ్యాసం రాయకూడదు.

ఏడు. నువ్వు కారు తోలడం నేర్చుకోవాలి. నా దగ్గర కాదు.